నాన్న ఆ పేపర్ కటింగ్ పాస్‌బుక్కుల కవర్‌లో దాచుకున్నారు. ఇలాంటి చట్టం పేషెంటు మనసుని ఏం చేస్తుంది?

గోదారి_హెచ్‌ఎస్‌ఆర్
అందరికీ నమస్కారం. ఏ విభాగంలో పెట్టాలో తెలియక ఇక్కడే పెడుతున్నా. మా నాన్నకి మోటార్ న్యూరాన్ జబ్బు, కండరాల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోతాయి. బ్యాంకులో రిటైరయ్యారు, రాజమండ్రి నుంచి తీసుకొచ్చి ఇక్కడ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా దగ్గరే ఉంచుకున్నాం. చేతులు దాదాపు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తోంది, బుర్ర మాత్రం పాదరసం. ఇప్పటికీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కాగితం లేకుండా లెక్క కట్టేస్తారు. 2025 జనవరి 30న కర్ణాటక ప్రభుత్వం గౌరవంగా చనిపోయే హక్కు అని సర్క్యులర్ ఇచ్చింది కదా, ఆ వార్తని అమ్మ చేత కత్తిరింపించి పాస్‌బుక్కుల కవర్‌లో పెట్టించారు. అప్పట్నుంచీ ఒకటే మాట, "ఇక్కడ చట్టం ఉందిరా, నా టైమ్ నేను చెప్తా" అని. విచిత్రమేంటంటే ఆ మాట అన్న పూట ఇంకో ముద్ద ఎక్కువ తింటారు, రాత్రి నిద్ర కూడా పడుతుంది. నిద్ర పోయింది అమ్మకి. అక్కేమో డిప్రెషన్, వెంటనే సైకియాట్రిస్టుకి చూపించమంటుంది, బావగారు ఊరికే అంటున్నార్లే అంటారు. నాకు తెలియాల్సింది ఒకటే. ఇలాంటి చట్టం ఉందని తెలిస్తే పేషెంటుకి ధైర్యం వస్తుందా, లేక అదే మనిషిని అటువైపు తోస్తుందా? ఇంట్లోనో ఆస్పత్రిలోనో దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి. పూర్వజన్మ కర్మ అని మాత్రం మొదలుపెట్టకండి, దండం పెడతా.

ఐసీయూ_కడపమ్మాయి
అన్నా, ముందు నాన్నగారికి ఒక విషయం సూటిగా చెప్పేయండి. ఆ సర్క్యులర్ చూపించి ఎవరూ మందిచ్చి ప్రాణం తీయరు. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి పెట్టకుండా ఉండొచ్చు, పెట్టినవి తీసేయొచ్చు, అంతవరకే. 2018 మార్చి 9న సుప్రీం కోర్టు కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఒప్పుకున్నది ఇదే, పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో కాస్త సులువు చేశారు, కర్ణాటక దాన్ని ఆస్పత్రుల్లో అమలు చేయమంది. ఇంజక్షన్ ఇవ్వడం మన దేశంలో ఇప్పటికీ నేరమే. "నా టైమ్ నేను చెప్తా" అంటే ఆయన మనసులో ఏ దేశం చట్టం ఉందో అడగండి.

ఇక మనసు సంగతి. మా దగ్గర ఉల్టా భయం కూడా చూశాను. ఆ వార్తలొచ్చిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన పక్కన మానిటర్ అలారం ఊరికే మోగుతుంటే సౌండ్ తగ్గించబోయాను. చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు, ఎంత చెప్పినా వదల్లేదు. మెషీన్ ఆపేస్తున్నా అనుకున్నాడు పాపం. కొడుకుని పిలిపించి అలారం బటన్ ఏదో చూపిస్తే గానీ చెయ్యి వదల్లేదు.

కోలారు_చిన్నోడు
సూటిగా మాట్లాడుకుందాం. బిల్లు లక్షలు దాటాక ఇంటివాళ్ళ చేతికి ఒక కాగితం దొరికింది, అంతే కదా ఈ చట్టం? ముసలాయన భయపడటంలో తప్పేముంది.

ఐసీయూ_కడపమ్మాయి
ఇంటివాళ్ళు అడిగితే అయిపోయేది కాదు చిన్నోడూ. చూస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు ఒక బోర్డు. వాళ్ళు సరే అన్నాక మళ్ళీ వేరే ముగ్గురు, అందులో ఒకరు జిల్లా వైద్యాధికారి పేరు చెప్పినవాళ్ళు. తర్వాత మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. బిల్లు కట్టలేక "ఇంటికి తీసుకెళ్తాం" అని సంతకం పెట్టి ట్యూబులతో అంబులెన్స్ ఎక్కించేవాళ్ళున్నారు చూడు, దానికి ఏ బోర్డూ లేదు. అది ఏ చట్టమూ రాకముందు నుంచీ జరుగుతోంది. దాని మీద ఎవరూ పోస్ట్ పెట్టరు.

మందుల_చీటీ
నేను పాలియేటివ్ డాక్టర్ని, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం, బెంగళూరులోనే. గోదారి గారి ప్రశ్నకి అవును కాదు అని జవాబు లేదు కానీ తెలిసింది కొంత ఉంది.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి చట్టం అమల్లో ఉంది, ఆరు నెలలకి మించి బతకరని తేలినవాళ్ళు ప్రాణం పోయే మందు రాయించుకోవచ్చు. రాయించుకున్నవాళ్ళలో సుమారు మూడోవంతు ఆ మందు వేసుకోనే వేసుకోరు. కొందరు ఆలోపే జబ్బుతో పోతారు, కొందరికి అది దగ్గరుంటే చాలు. మీ నాన్నగారు ఆ మాట అన్న పూట బాగా తినడం నాకేం వింతగా లేదు. చెయ్యి కదలని మనిషికి తన చేతిలో ఒకటుంది అనిపించింది, అంతే.

రెండో సంగతి, ఎందుకు అడుగుతారు అన్నది. మనం నొప్పి అనుకుంటాం. అక్కడి ప్రభుత్వం ఏటా ఇచ్చే నివేదిక చూస్తే నొప్పి, నొప్పి వస్తుందన్న భయం కలిపినా మూడోవంతుకి అటూ ఇటూ. పదిమందిలో తొమ్మిదిమంది చెప్పేది నా మీద నాకు పెత్తనం పోయింది, ఇష్టమైన పని ఒక్కటీ చేసుకోలేకపోతున్నా అని. ఇంట్లోవాళ్ళకి భారమైపోతున్నా అనేవాళ్ళు నలభై శాతం పైనే. నన్ను ఆపేది ఈ చివరిదే.

డిప్రెషన్ విషయంలో అక్కగారి మాట కొట్టిపారేయకండి. 2008లో ఆరెగాన్‌లో మందు అడిగిన 58 మందిని పరీక్షిస్తే 15 మందికి డిప్రెషన్ ఉంది. చివరికి మందు చీటీ దొరికిన 18 మందిలో ముగ్గురు డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళే, అంటే వడపోతలోంచి జారిపోయారు. అడిగినవాళ్ళందరికీ మనసు బాగోలేదనడం తప్పు, అందరికీ బాగుందనడం అంతకన్నా తప్పు.

ఇంకోటి, బతకాలన్న కోరిక నిలకడగా ఉండదు. కెనడాలో విన్నిపెగ్ పరిశోధకులు 1990ల్లో చివరి దశ క్యాన్సర్ పేషెంట్లని రోజుకి రెండుసార్లు అడుగుతూ పోయారు, నీకు బతకాలని ఎంతుంది అని. పొద్దున చెప్పింది సాయంత్రానికి మారిపోయేది. ఊపిరాడకపోవడం, ఆందోళన, దిగులు వీటిని బట్టి పైకీ కిందకీ పోతుంది. అందుకే ఒక పూట మాట పట్టుకుని ఏదీ నిర్ణయించకండి.

వైట్‌ఫీల్డ్_రిటర్న్
పదకొండేళ్ళు టొరంటో పక్కనే ఉండి వచ్చాను. కెనడాలో డాక్టరు సాయంతో చనిపోయే చట్టం 2016 నుంచి ఉంది. మా పక్కింటావిడకి పాంక్రియాస్ క్యాన్సర్, ఆమోదం వచ్చిన వారం మా ఆవిడ చేత పులిహోర చేయించుకుని తింది, తోటలో కుర్చీ వేసుకుని కూర్చునేది. రిటర్న్ టికెట్ జేబులో ఉన్నవాడు పరాయి ఊళ్ళో ధైర్యంగా తిరిగినట్టు ఉండేది ఆవిడ పద్ధతి. చివరికి అది వాడుకోకుండానే హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో చూసుకునే చోట, పోయింది.

అయితే అదే చట్టంలో ఒక మెలిక మనుషుల్ని తొందరపెట్టింది. ప్రాణం పోయే రోజున కూడా స్పృహలో ఉండి మళ్ళీ ఒప్పుకోవాలి అనేవారు. హాలిఫాక్స్‌లో ఆడ్రీ పార్కర్ అనే ఆవిడ, రొమ్ము క్యాన్సర్ మెదడుకి పాకింది, క్రిస్మస్ దాకా ఉండాలనుకుంది. తెలివి తప్పితే అర్హత పోతుందని భయపడి 2018 నవంబర్ 1నే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఈ రూల్ వల్లే ముందుగా పోతున్నానని బయటికి చెప్పింది. 2021లో రూల్ మార్చారు. అసలు 2015లో అక్కడి సుప్రీం కోర్టు చట్టం కావాలనడానికి ఒక కారణం కూడా ఇదే. ఏ దారీ లేకపోతే, తర్వాత కాళ్ళూ చేతులూ ఆడవేమో అని ఇంకా బతకాల్సిన మనిషి ముందే ప్రాణం తీసుకుంటాడు అని.

వీల్‌చైర్_రైడర్
రిటర్న్ టికెట్ మాట బాగుంది అన్నా. ఆ టికెట్ ఎవరికి ఇస్తున్నారో కూడా చూడు. నువ్వు చెప్పిన కెనడాలోనే 2021లో చావు దగ్గర పడనివాళ్ళకి కూడా తలుపు తెరిచారు. 2022 డిసెంబర్‌లో ఒక మాజీ సైనికురాలు, పారాలింపిక్స్ ఆడిన మనిషి, ఇంటికి వీల్‌చైర్ లిఫ్ట్ కోసం ఏళ్ళ తరబడి తిరుగుతుంటే అధికారి చనిపోవడానికి సాయం కావాలంటే చేస్తాం అన్నారని పార్లమెంటు కమిటీ ముందు చెప్పింది. లిఫ్ట్ రాలేదు, చావు ఆఫర్ వచ్చింది.

నాకు నడుము కింద స్పర్శ లేదు, యాక్సిడెంట్. మొదటి ఏడాది ఎవరైనా కాగితం ముందు పెట్టి ఉంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి. ఇప్పుడు జయనగర్ నుంచి మెట్రోలో ఆఫీసుకి పోతున్నా, ఫుట్‌పాత్‌ల మీద బండ్లు పెట్టేవాళ్ళని తిట్టుకుంటూ. జనం నన్ను చూసి "అలా బతకడం కన్నా..." అని సగంలో ఆపేస్తారు చూడండి, ఆ సగం మాట రోజూ వింటూ పెరిగే పేషెంటు "నాకు నేనుగా నిర్ణయించుకున్నా" అంటే నేను అంత తేలిగ్గా నమ్మను.

శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కీ గోదారి గారి నాన్నగారి జబ్బే. 1985లో స్విట్జర్లాండ్‌లో న్యుమోనియా వచ్చి కోమాలో పెడితే డాక్టర్లు మెషీన్ ఆపేద్దామా అని భార్యని అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు పైన బతికాడు.

మందుల_చీటీ
రైడర్ గారూ, అదే హాకింగ్ 2013లో, నయంకాని జబ్బుతో బాధపడేవాళ్ళకి చనిపోయే హక్కు ఉండాలని కూడా అన్నాడు, ఎవరూ బలవంతపెట్టకుండా చూడాలంటూనే. రెండూ ఒకే మనిషి మాటలు. హాకింగ్ జబ్బు చాలా నెమ్మదిగా ముదిరిన అరుదైన రకం, అందరికీ అలా ఉండదు, గోదారి గారింట్లో లేనిపోని ఆశ పెట్టొద్దు.

మల్లేశ్వరం_బాబాయ్
సల్లేఖన వ్రతం, అదే జైనులు తిండి మానేసి ప్రాణం విడిచే వ్రతం, దాని గురించి ఎవరూ ఎత్తలేదేం? మన శ్రవణబెళగొళలో వెయ్యేళ్ళ పైనాటి శాసనాలున్నాయి. 2015లో రాజస్థాన్ హైకోర్టు అది ఆత్మహత్యే అంటే సుప్రీం కోర్టు స్టే ఇచ్చింది. అక్కడ పేషెంటు మనసు ప్రశాంతంగానే ఉంటుంది కదా.

మోడరేటర్
బాబాయ్, దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ టైమ్‌లోనైనా, తెలుగులో మాట్లాడతారు. పద్ధతులు, మందుల పేర్లు రాస్తే పోస్ట్ తీసేస్తాను.

నాలుగో_స్టేజ్
ఇంతమంది పేషెంటు గురించి మాట్లాడుతున్నారు, పేషెంటు ఒక్కరూ మాట్లాడలేదు. నాకు ఓవరీ క్యాన్సర్. పేరుని బట్టి స్టేజ్ తెలిసే ఉంటుంది. బనశంకరిలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని.

మా ఇంట్లో నా జబ్బు గురించి నాకు తప్ప అందరికీ ముందు తెలిసింది. రిపోర్ట్ ఫైలు ఫ్రిజ్ పైన అట్టపెట్టెలో దాచారు. ఇన్‌ఫెక్షన్ అన్నారు. జుట్టు ఊడుతుంటే ఇన్‌ఫెక్షనా? లెక్కల టీచర్ని నేను. అందరూ నవ్వుతూ అబద్ధం చెప్తుంటే నాకు వచ్చిన దిగులు జబ్బు వల్ల రాలేదు. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి సంతకం పెట్టమంటే నిజంగా పెట్టేదాన్నే, ఎందుకంటే ఆ నాటకం భరించలేకపోయాను. తర్వాత నేనే ఆ పెట్టె దించి చదువుకున్నాక, డాక్టర్ని ఒంటరిగా కలిసి అడిగాక, చావాలన్న కోరిక సగం తగ్గింది.

మిగతా సగం సంగతి చెప్తా. ప్రతి కీమో తర్వాత మా ఆయన క్యాష్ కౌంటర్ దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఫోన్‌లో యూపీఐ పిన్ కొడతారు, నాకు మొత్తం కనబడకూడదని. నాకు కనబడుతుంది. మా చిన్నాడి ఇంజనీరింగ్ ఫీజు ఎంతో కూడా తెలుసు. తీసివేత రాదా నాకు? భారం అని నాతో ఎవరూ అనలేదు, దేవుడి మీద ఒట్టు. అనక్కర్లేదు. ఇప్పుడు ఆరెగాన్‌లాంటి చట్టం ఇక్కడా వస్తే నా తలలో ఆ రోజు నుంచి ఇంకో ప్రశ్న మొదలవుతుంది. ఇన్నాళ్ళూ నేను బతికున్నది నా చేతుల్లో లేదు కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. చట్టం వచ్చాక ప్రతి కీమో నేను కోరి పెట్టిస్తున్న ఖర్చు అయిపోతుంది. ఎవరూ అడక్కపోయినా నాకు నేను జవాబు చెప్పుకోవాలి.

అయినా చట్టం వద్దనను. నొప్పి మరీ ఎక్కువైన రాత్రుళ్ళు కావాలనే అనిపిస్తుంది. రెండూ రాశాను, మీరే చూసుకోండి.

కోలారు_చిన్నోడు
అక్కా, నేను బిల్లు కాగితం అని ఊరికే అనలేదు, మీరు చెప్పింది దానికన్నా లోతుగా ఉంది. ఖర్చు భయం లేని చోట ఈ చట్టం ఒక రకంగా పనిచేస్తుంది, మన దగ్గర పొలం అమ్మి వైద్యం చేయించే చోట ఇంకో రకం. ఇక్కడ తెస్తే ముందు వైద్యం ఫ్రీ చేసి తర్వాత తేవాలి.

చెన్నై_పెరంబూర్
తమిళనాడు దక్షిణ జిల్లాల్లో తలైకూత్తల్ అని విన్నారా? మంచాన పడ్డ పెద్దవాళ్ళని ఇంటివాళ్ళే సాగనంపడం. విరుదునగర్ వైపు 2010లో ఒక ముసలాయన తన వంతు వచ్చిందని తెలిసి ఇంట్లోంచి పారిపోయాడని పేపర్లలో వచ్చాక బయటపడింది. చట్టం లేకపోతే పెద్దవాళ్ళకి భయం ఉండదని అనుకునేవాళ్ళకి చెప్తున్నా.

చిక్కడపల్లి_చెస్
మన తెలుగు కేసే ఒకటుంది. 2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు, మస్క్యులర్ డిస్ట్రోఫీ అని కండరాలు క్షీణించిపోయే జబ్బు, పాతికేళ్ళ వయసు. తను పోయేలోపు అవయవాలు పాడవకముందే దానం చేసేలా అనుమతి ఇమ్మని అడిగాడు, వాళ్ళమ్మ సుజాత గారు హైకోర్టుకి వెళ్ళారు. కోర్టు కాదంది. ఆ డిసెంబర్‌లోనే పోయాడు. అతనికి డిప్రెషన్ అని అక్కగారు అంటారా? నాకైతే ఇంకొకరికి పనికిరావాలన్న పంతమే కనబడింది. అడిగిన ప్రతివాణ్ణీ పిచ్చి డాక్టరు దగ్గరికి పంపడం కూడా ఒక రకం అవమానమే.

మందుల_చీటీ
పిచ్చి డాక్టరు అనకండి సార్, ఆ మాట వల్లే సగంమంది మా సైకియాట్రీ వాళ్ళ దగ్గరికి పోరు.

గోదారి_హెచ్‌ఎస్‌ఆర్
నాలుగో_స్టేజ్ మేడమ్, మీ పోస్ట్ ఆఫీసులో చదివి కాసేపు బయటికి వెళ్ళొచ్చాను. థాంక్స్ అనడం కూడా చిన్నమాట.

రాత్రి నాన్నని కడపమ్మాయి చెప్పినట్టు అడిగా, ఆ కాగితంతో ఏం జరుగుతుందనుకుంటున్నారు అని. నీళ్ళు చిక్కగా చేసే పొడి కలిపి స్పూన్‌తో తాగిస్తున్నా అప్పుడు, ఒక్కో మాటకీ ఆగాలి. చావంటే భయం లేదట. ఊపిరాడక గిలగిల కొట్టుకుంటూ పోతానేమో అని భయమట. రెండోది, అమ్మ నడుము. రాత్రి ఆయన్ని పక్కకి తిప్పడానికి అమ్మ లేస్తుంటే కీళ్ళు చప్పుడు వినబడుతుందట ఆయనకి, నిద్ర నటిస్తారట. "మీ అమ్మ పోతే ఎవర్రా నాకు" అన్నారు. మధ్యలో ఉన్నట్టుండి పగలబడి నవ్వేశారు, అది చూసి అమ్మ ఏడుపు.

మందుల_చీటీ
ఆ నవ్వు గురించి అమ్మగారికి ఈ రోజే చెప్పండి. ఈ జబ్బులో సంబంధం లేకుండా నవ్వు, ఏడుపు తన్నుకొస్తాయి, అది నరాల సంగతి, మనసు సంగతి కాదు. మందు ఉంది, న్యూరాలజిస్టుని అడగండి. దాన్ని చూసి డిప్రెషన్ అనుకునేవాళ్ళు చాలామంది.

ఊపిరాడకపోవడానికి మాస్క్‌తో గాలి అందించే బైపాప్ మెషీన్ ఉంటుంది, రాత్రుళ్ళు పెడితే పొద్దున్న తలనొప్పి, మగత తగ్గుతాయి. చివర్లో ఆయాసం అనిపించకుండా చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తాం, భయానికి వేరే మందు. గిలగిల కొట్టుకునే పరిస్థితి రానివ్వకుండా చూడొచ్చని ఆయనకి ఒక డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. చాలామందికి ఈ మాట ఎవరూ చెప్పరు. "నా టైమ్ నేను చెప్తా" అన్నది ఆ తర్వాత కూడా అదే గట్టిగా ఉంటే అప్పుడు అది వేరే సంభాషణ. నిమ్హాన్స్‌లో న్యూరో పాలియేటివ్ వాళ్ళున్నారు. మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ ఉంది, డబ్బు తీసుకోరు, అది ముఖ్యంగా క్యాన్సర్ పేషెంట్ల కోసం. నాలుగో_స్టేజ్ గారికి పనికొస్తుంది, ఇంటికొచ్చి చూసే టీమ్ కూడా ఉంది.

వీల్‌చైర్_రైడర్
రాత్రికి ఒక అటెండర్‌ని పెట్టండి బాస్, నర్స్ అక్కర్లేదు, తిప్పడం నేర్చుకున్న కుర్రాడు చాలు. గాలి పరుపు కొనండి. అమ్మ నిద్రపోతే నాన్న చావు మాట ఎంత తగ్గుతుందో చూసి మళ్ళీ ఇక్కడ రాయండి. తగ్గకపోతే నేనే ఒప్పుకుంటా.

వైట్‌ఫీల్డ్_రిటర్న్
అటెండర్ ఖర్చు మళ్ళీ ఆయన లెక్కలోకి వెళ్తుంది కదా రైడర్? బ్యాంకు మనిషి.

వీల్‌చైర్_రైడర్
ఆయన పెన్షన్‌లోంచే ఇవ్వనీ. తన డబ్బుతో తన భార్యకి నిద్ర కొనిపెట్టినట్టుంటుంది.

నెల్లూరు_కోరమంగళ
ఇంటివాళ్ళ మనసు గురించి కూడా కాస్త. మా నాన్నకి బ్రెయిన్ స్ట్రోక్, వెంటిలేటర్. ముందుగా ఆయన ఏం కోరుకుంటారో ఎప్పుడూ అడగలేదు, అడిగితే అపశకునం మా ఇంట్లో. డల్లాస్ నుంచి అన్నయ్య "అన్నీ చేయండి, నేనొచ్చేదాకా ఉంచండి" అంటాడు, ఇక్కడ నేనేమో ఆయన చేతులు మంచానికి కట్టేసి ఉండటం చూస్తున్నా. ఆ తర్వాత అన్నదమ్ములం సంక్రాంతికి కూడా మాట్లాడుకోలేదు. నెదర్లాండ్స్‌లో 2003లో ఒక పరిశోధన వచ్చింది, చట్టప్రకారం డాక్టరు సాయంతో, ముందే చెప్పి వెళ్ళిన క్యాన్సర్ పేషెంట్ల ఇంటివాళ్ళకి మామూలుగా పోయినవాళ్ళ ఇంటివాళ్ళకన్నా ఆ దుఃఖం తాలూకు దెబ్బ తక్కువగా ఉందని. వీడ్కోలు చెప్పుకునే అవకాశం దొరికింది కాబట్టి అయ్యుండొచ్చు అన్నారు. మందు సంగతి అటుంచితే ఆ మాట్లాడుకోవడం మనకిప్పుడే చేతిలో ఉంది.

ఐసీయూ_కడపమ్మాయి
అదే రాయబోతున్నా. తనకి ఏ వైద్యం కావాలో వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు, నాన్నగారి చేత అది రాయించండి. నాన్నగారి సంతకం సంగతి చేతులతో కుదరకపోతే వేలిముద్ర గురించి నోటరీని ముందే అడిగి పెట్టుకోండి. ఆయన మాట స్పష్టంగా ఉన్నప్పుడే రాయించాలి. గొంతుకి రంధ్రం వేసి వెంటిలేటర్ పెట్టొచ్చా వద్దా, పొట్టలోకి ట్యూబు కావాలా, ఏ స్థితిలో ఆపాలి, ఆయన చెప్పలేనప్పుడు ఎవరు చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు, 2023కి ముందులా మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, ఆ మాట ఆయనకి రెండుసార్లు చెప్పండి. ఒక కాపీ డాక్టరు ఫైల్లో, ఒకటి ఆయన తరఫున చెప్పడానికి పేరు రాసినవాళ్ళ దగ్గర, ఒకటి స్థానిక సంస్థ అధికారికి.

గోదారి_హెచ్‌ఎస్‌ఆర్
అక్క ఒప్పుకోవట్లేదు. ఇది రాయిస్తే నాన్నని వదిలేసినట్టే అంటోంది.

కోలారు_చిన్నోడు
అయితే ముందు అక్కని పిలిపించి నాన్న నోటివెంటే విననీ, స్పూన్ ఆవిడ చేతికే ఇవ్వండి. ఆవిడ లేకుండా నోటరీ దగ్గరికి పోతే రేపు ఐసీయూ తలుపు దగ్గర కొట్లాట మీ ఇద్దరికే.